నిండుకున్న మందు

"ఆ కరకట్టకేమైనా అయితే మన గతేంటి?" అంది ముందేగారు, వంటింటి కిటికీలోంచి పైకి చూస్తూ.

ఆకాశంలో అప్పటికి దూదిపింజంత మబ్బు కూడా లేదు.

"కట్టకేం కాదు గానీ, నీ భయం చూసి ఆ నదే ఏదో ఒకరోజు భయపడి పారిపోతుంది," అన్నాడు భర్త. ఆయన షట్టర్లు చేసే షాపులో వెల్డరు. ఈమధ్య పని సన్నగిల్లి, ఒకరోజు పిలిస్తే రెండురోజులు ఇంట్లోనే కూర్చోబెడుతున్నారు.

ముందేగారన్న పేరు పెట్టింది ఆయనే. ఆవిడ ఏ మాటెత్తినా 'ముందే' అని మొదలుపెట్టేది. ముందే తెచ్చుకోవాలి, ముందే చెప్పానా లేదా, ముందే చూసుకుంటే పోయేదేముంది. చదివింది ఐదో తరగతే అయినా ఒక సంసారం మీదకి కష్టం ఎన్ని దారుల్లో రాగలదో ఆవిడకి కంఠతా వచ్చు. అగ్గిపెట్టెలు చెమ్మ తగలకుండా బిగుతు మూతున్న డబ్బాలో ఉండేవి. కాగితాలన్నీ ప్లాస్టిక్ కవర్లో చుట్టి అటకెక్కించింది. ఎసట్లో బియ్యం పోసేముందు ఓ పిడికెడు వెనక్కి తీసి వేరే డబ్బాలో వేసేది. ఎవరన్నా నవ్వితే, "ఇల్లు కాలేటప్పుడు బావి తవ్వుతామా?" అనేది.

ఇంకో పట్టింపుంది ఆవిడకి. ఇంట్లో 'లేదు', 'అయిపోయింది' అన్న మాటలు వినపడకూడదు. లేదు లేదంటే లేమి నిజంగానే వచ్చి పీటేసుకుని కూర్చుంటుందని భయం. వాళ్ళమ్మ అన్నట్టే ఆవిడా ఉప్పయిపోతే 'నిండుకుంది' అనేది, నూనె అయిపోతే 'నిండుకుంది' అనేది.

కోడలు కాపురానికి వచ్చి నెల కూడా కాలేదు. తల్లీతండ్రీ చిన్నప్పుడే పోతే హాస్టళ్ళలో పెరిగింది. పళ్ళెం పట్టుకుని వరసలో నిలబడి తిన్న పిల్ల, వంటింటి గడప తొక్కడం ఇదే మొదలు. కొడుకేమో లారీ డ్రైవరు, ఇంట్లో కన్నా రోడ్డు మీద ఎక్కువ. వచ్చిన కొత్తల్లో ఒకసారి కోడలు బజారునుంచి తెచ్చిన సంచీని ముందేగారు అలవాటుకొద్దీ బోర్లించి ఒక్కొక్కటే చూసింది. "అన్నీ ఉన్నాయా అత్తయ్యా?" అంది ఆ పిల్ల. నవ్వుతూనే అంది గానీ కళ్ళు నవ్వలేదు. కొడుకు ఫోన్లో, "అమ్మా, దానికి ఇదే మొదటి ఇల్లు. కాస్త నమ్మవే," అన్నాడు. ఆ రోజునుంచి కోడలి సంచీ ముట్టుకోకూడదని ఒట్టు పెట్టుకుంది.

ఎగువన వానలని, కట్ట దగ్గర జాగ్రత్తని ఫోన్లలో హెచ్చరికలు మొదలయ్యాయి. ముందేగారు నడుం బిగించింది. మంచాల కింద ఇటుకలు పేర్చింది, బిందెలన్నీ నింపింది. తన అత్తగారిని అందరూ మామ్మ అంటారు. ఆవిడకి ఉబ్బసం. ఆవిడ పీల్చే మందు గొట్టం తీసి చెవి దగ్గర ఆడించి చూసింది. తేలిగ్గా ఉంది.

"అమ్మాయ్, కొవ్వొత్తులకి వెళ్తున్నావుగా. మామ్మ మందు నిండుకుంది, చూడు."

"మంచిదేగా అత్తయ్యా," అంది కోడలు చెప్పులేసుకుంటూ.

మంచిదేంటో ముందేగారికి అర్థం కాలేదు. సరేనన్నదనుకుని పనిలో పడింది. కోడలు తిరిగొచ్చి సంచీ గూట్లో పెట్టింది. దాన్ని చూడాలని మనసు పీకింది. ఒట్టు గుర్తొచ్చి, చేతులు కొంగుకు తుడుచుకుని ఇవతలికొచ్చేసింది.

కట్టకి తెల్లారేసరికి గండి పడింది. గడప దాటిన నీళ్ళు చూస్తుండగానే ఇటుకలు ముంచాయి. తడి గాలికి మామ్మకి ఆయాసం ఎగదన్నింది. గొట్టం నొక్కితే ఉత్త గాలొచ్చింది. ముందేగారు గూట్లో సంచీ కుమ్మరించింది. కొవ్వొత్తులూ సబ్బులూ దొర్లాయి.

"కొత్తదేదమ్మాయ్?"

"కొత్తదేంటత్తయ్యా? నిండుగా ఉందన్నారుగా."

"నిండుగా అనలేదు. నిండుకుంది అన్నాను."

"రెండూ ఒకటి కాదా?"

మామ్మ ఛాతీ కొలిమితిత్తిలా లేచిపడుతోంది. "ఇల్లంటూ ఒకటుంటే కదా నీకు తెలియడానికి," అంది ముందేగారు.

కాలు జారితే తీసుకోవచ్చు. ఆ మాట మాత్రం వెనక్కి రాలేదు.

కోడలు చీర ఎగ్గట్టి, బట్టలారేసే తాడు విప్పి ఒక కొస నడుముకి చుట్టుకుని, రెండో కొస మామగారి చేతికిచ్చింది. వీధి చివర మందులుంచే కాంపౌండరు ఇల్లుంది. ఇద్దరూ నీళ్ళలోకి దిగారు. మామ్మని తన ఒంటికి ఆనించుకుని కూర్చున్న ముందేగారికి వాకిట్లోంచి ఇద్దరి తలలే కనిపించాయి, తర్వాత అవీ కనిపించలేదు. బతుకంతా కీడెంచిన మనిషి. ఆ కాసేపూ మాత్రం ఎంచడానికి ధైర్యం చాల్లేదు. మామ్మ వీపు రాస్తూ, "వస్తోంది, వస్తోంది," అనే అంటూ కూర్చుంది.

కోడలు కవర్లో చుట్టిన మందుని తలమీద పట్టుకుని వచ్చింది, వెనకే తాడు పట్టుకుని మామగారు. నాలుగుసార్లు పీల్చాక మామ్మ పెదాల నలుపు విరిగింది.

నీళ్ళు తీశాయి. బురద మిగిలింది. కోడలు చెప్పిన పనీ చెప్పని పనీ చేసేది, అడిగితే తలూపేది. నోరు విప్పేది కాదు.

"ఆ పిల్ల నా ఊపిరి తెచ్చిపెట్టి, తన నోరు అక్కడే వదిలేసి వచ్చిందే," అంది మామ్మ. ముందేగారికి నవ్వు రాలేదు. కోడలి బట్టల బ్యాగు తలుపు పక్కన మంచమ్మీద ఉంది. తడవకుండా పెట్టుకుందో, సర్దుకుందో తెలియదు. భర్త పని పోయినా పిడికెడు బియ్యంతో నెట్టుకురావచ్చు. ఈ పిల్ల గడప దాటితే దానికి తన దగ్గర దాచిందేమీ లేదు.

భర్త షాపు చూసొస్తానని వెళ్ళాడు. అత్తాకోడళ్ళిద్దరూ ముందుగది కడుగుతున్నారు. ముందేగారు చెంబు కింద పెట్టింది.

"నీకు తెలియకపోవడం తప్పు కాదమ్మా. నాకు తెలిసిందే అందరికీ తెలుసనుకున్నాను. తర్వాత అన్న మాట ఉందే, అది మీ అమ్మానాన్నలు లేకపోవడం మీద అన్నాను. అది తప్పే." మంచమ్మీది బ్యాగు వైపు చూసింది. "వెళ్ళిపోతావా?"

కోడలు చీపురుతో బురదనీళ్ళు గుమ్మం దాకా నెట్టింది. వెనక్కొచ్చి మూలనుంచి మళ్ళీ నెట్టింది. లోపల మామ్మ దగ్గి ఊరుకుంది. వీధిలో ఎవరో తడిసిన పరుపు ఈడ్చుకుపోతున్నారు. ముందేగారు చెంబు తీసుకోవడం కూడా మర్చిపోయి నిలబడే ఉంది.

"వెళ్దామనే అనుకున్నానత్తయ్యా," అంది కోడలు చివరికి, తలెత్తకుండా. "బురద కడిగేసి వెళ్దామనుకున్నాను. ఇదేమో ఎంత కడిగినా తెమలట్లేదు. ఇంకాసిని నీళ్ళు పొయ్యండి."