తగ్గి మళ్లీ వచ్చిన జ్వరం

బస్సు డిపోలో ఆయన్ని అందరూ భూతద్దం అంటారు. ముఖం మీద కాదు లెండి, వీపు వెనక. టికెట్లు తనిఖీ చేయడం ఆయన ఉద్యోగం. బస్సెక్కి నాలుగు వరసలు చూశాడంటే చాలు, టికెట్ కొనని ఘనుడెవడో ఇట్టే పసిగట్టేవాడు. దొంగకి చెమట పడుతుందట. ఊపిరి పొట్టిగా, గబగబా వస్తుందట. అడిగేదొకటైతే చెప్పేది ఇంకొకటట. చూపు కిటికీలోకి పారిపోతుందట. "ఇవన్నీ ఉండి టికెట్ కూడా ఉన్నవాణ్ని నేనింతవరకూ చూళ్లేదు" అని కొత్తగా చేరినవాళ్లకి పాఠం చెప్పేవాడు. పాఠం మంచిదే, బస్సు దిగేదాకా.

ఈయనేమో బస్సు దిగి ఇంటికొచ్చినా దిగేవాడు కాదు. డబ్బాలో బిస్కెట్లు తగ్గినా విచారణే, పాలు ముందే అయిపోయినా విచారణే. "ఈయన నన్ను పెళ్లి చేసుకున్నాడో, టికెట్ లేదని పట్టుకొచ్చాడో ఇప్పటికీ అర్థం కాదు" అని భార్య నవ్వేది. నవ్వక ఏం చేస్తుంది పాపం!

ఆవిడ తమ్ముడు వాళ్లింట్లోనే ఉంటాడు. నోరు ఊరుకోదు కాబట్టి వాడికి పిట్ట అని పేరు. వాడి చరిత్ర కూడా కొంచెం అటూ ఇటూ. ఇదివరకు ఓ బట్టల కొట్టులో పనిచేస్తూ, నిక్షేపంలా ఉన్న మేనత్తని చంపేసి సెలవు పెట్టాడు. వారం తిరక్కుండా ఆ మేనత్త దుప్పటి కొనడానికి అదే కొట్టుకొచ్చింది. ఇంకేముంది, ఉద్యోగం హుష్ కాకి. అలాంటివాణ్ని భూతద్దమే డిపో మేనేజరు కాళ్లావేళ్లా పడి, తన పూచీ మీద కండక్టరుగా చేర్పించాడు. ఇంకా పరీక్షా కాలమే. నాగాలు పెడితే ఇంటికి పంపేస్తారు. వాడి ఉద్యోగంతో పాటు తన పరువూ పోతుందని ఈయన భయం.

ఆ రోజుల్లోనే ఊరంతా ఫ్లూ పాకింది. డిపోలో సగం మంది దగ్గుతున్నారు. ఒక సాయంత్రం పిట్ట గజగజా వణుకుతూ వచ్చి మంచమెక్కాడు. ఒళ్లంతా విరగ్గొట్టినట్టుంది అన్నాడు. భూతద్దం థర్మామీటరు వాడి నోట్లో పెట్టి, అది బయటికొచ్చేదాకా పక్కనే నిలబడ్డాడు. టీ గ్లాసులో ముంచుతాడేమోనని అనుమానం. జ్వరం నిజంగానే బాగా ఉంది. "సరే, ఈసారికి నిజమే" అని ఒప్పుకున్నాడు, ఏదో దానమిచ్చినట్టు.

కొన్నాళ్లకి జ్వరం దిగింది. పిట్ట లేచాడు, స్నానం చేశాడు, డిపో ఎదురుగా టీ కొట్టు దగ్గర ఎవరితోనో పకపకా నవ్వుతూ భూతద్దం కంటబడ్డాడు. "రేపట్నుంచి డ్యూటీ కదరా?" అంటే "ఓ, పొద్దున్నే ఎక్కేస్తా బావా" అన్నాడు.

పొద్దున్న చూస్తే మళ్లీ మంచం మీదే ఉన్నాడు.

భూతద్దానికి అరికాలి మంట నెత్తికెక్కింది. "ఏమే, చూశావా మీ తమ్ముడి నాటకం? నిన్న టీ కొట్టు దగ్గర ఇకిలింపులు, ఇవాళ డ్యూటీ అనేసరికి జ్వరమా? వచ్చిన జ్వరం పోతుంది, పోయింది మళ్లీ తిరిగొస్తుందా? చుట్టమా అది?"

"ఒళ్లు కాలిపోతోందండీ. తెల్లారుజామున నేనే మాత్ర వేశాను."

ఆయన మాట వినిపించుకోలేదు. థర్మామీటరు పెట్టాడు. వేడి అంతగా లేదు. మాత్ర పనిచేసిందన్న ఆలోచన రాలేదా మహానుభావుడికి! "ఇదిగో సాక్ష్యం!" అని దాన్ని భార్య కళ్ల ముందు ఆడించాడు. "నువ్వే వాణ్ని పాడుచేస్తున్నావు. లేవరా! నేనే డిపోలో దిగబెడతా."

ఆవిడకి కోపమొచ్చింది. "వాడికి ఓపిక లేదు అంటున్నాను కదా. మనిషిని చూడండి, ఆ గాజు పుల్ల కాదు."

"మనుషుల్ని చూడ్డమే నా ఉద్యోగం" అన్నాడాయన.

పిట్ట గోడ పట్టుకుని లేచాడు. యూనిఫాం చొక్కా తొడుక్కుని, ఒక బొత్తాం పెట్టడానికి కిందామీదా పడ్డాడు. భూతద్దం గుమ్మంలో నిలబడి, బస్సులో చూసినట్టే చూశాడు. నుదుటి మీద చెమట. ఊపిరి పొట్టిగా, గబగబా వస్తోంది. "నిన్న ఎవడితోరా నవ్వుతున్నావు?" అని అడిగితే "నీళ్లు పోశాను బావా" అన్నాడు. చూపేమో కిటికీ వైపు. ఇంకేం కావాలి? లక్షణాలన్నీ కుదిరాయి. దొంగ దొరికాడని ఆయన లోలోపల సంతోషించాడు కూడా. అవును, సంతోషించాడు. ఉన్నమాట చెప్పుకోవాలి కదా.

"ఇప్పటికైనా ఒప్పుకోరా. ఒంట్లో బాగానే ఉంది కదూ?"

"బాగానే... ఉంది బావా. పద... పోదాం."

భూతద్దం ఆగాడు. జ్వరం నటించేవాడు బాగోలేదనాలి. బాగానే ఉందంటాడేం? ఇన్నేళ్లలో తనకి ఎదురుకాని దొంగ వీడు. అంతలో పిట్ట అక్క వైపు చెయ్యి చాపాడు. ముఖంలో ఆవగింజంత నవ్వు లేదు.

"టికెట్... టికెట్ తీసుకోండమ్మా."

"ఒరేయ్! నేనురా, అక్కని!" అని ఆవిడ బావురుమంది.

ఆ గదిలో వెలుగు బాగానే ఉంది. అయినా వాడి పెదాలు నీలం తిరిగాయని భూతద్దం అప్పుడు గాని చూడలేదు. బావమరిదిని చేతుల మీద ఎత్తుకుని వీధిలోకి పరుగెత్తాడు. అడ్డం నిలబడి ఆటో ఆపాడు. దారి పొడుగునా "ఒరేయ్ పిట్టా, ఏదో ఒకటి వాగరా, ఏ అబద్ధమైనా సరే చెప్పరా" అని బతిమాలుతూనే ఉన్నాడు. వాడు పలకలేదు.

ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టారు, సూదులు గుచ్చారు, ఛాతీకి ఎక్స్‌రే తీశారు. డాక్టరమ్మ బయటికొచ్చి అడిగిన మొదటి మాట: "మధ్యలో తగ్గి మళ్లీ వచ్చిందా?"

"వచ్చిందండీ. అందుకే నటన అనుకున్నా."

డాక్టరమ్మ ఆయన్ని ఒక్క క్షణం చూసింది. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"మొదట వచ్చిన జ్వరం వైరస్ పెట్టింది కాదండీ, మీవాడి ఒళ్లే రాజేసుకుంది. ఆ వేడిలో వైరస్ సరిగ్గా పెరగలేదు, మన తెల్లకణాలేమో చురుగ్గా కదుల్తాయి. ఒళ్లు నొప్పులు కూడా ఆ పోరాటం వల్లే. కుర్రాడు గట్టివాడు, గెలిచాడు. కానీ గెలిచేలోపే వైరస్ ఊపిరి గొట్టాల లోపలి పొరని గీకేసింది. అక్కడ సన్నటి నూగుంటుంది, లోపలికెళ్లిన దుమ్మునీ సూక్ష్మజీవుల్నీ పైకి ఊడ్చేస్తుంటుంది. అది పోయింది. మామూలుగా ముక్కులో, గొంతులో ఊరికే పడుండే బ్యాక్టీరియా ఊపిరితిత్తుల్లోకి దిగింది. దాంతో పోరాడ్డానికి ఒళ్లు ఉన్న బలగమంతా అక్కడికే తోలింది. గాలి ఉండాల్సిన చోట చీమూ నీరూ నిండాయి. ఇప్పుడు శత్రువుతో ఎంత ప్రమాదమో, ఆ పోరాటంతోనూ అంతే."

"మరి... ఆ చెమట? ఆ తికమక మాటలు?"

"మెదడుకి గాలి చాలక. ఫ్లూ తగ్గి మళ్లీ జ్వరమొస్తే, ఊపిరి వేగంగా తీస్తుంటే, ఒక్క నిమిషం ఆగకూడదు."

"బతుకుతాడా?" అని భార్య అడిగింది.

"మందు పనిచేస్తే బతుకుతాడమ్మా. చూడాలి."

ఆ చూడ్డమేదో పగవాడికి కూడా వద్దు. ఆవిడ మొగుడి వైపు తల కూడా తిప్పలేదు. ఆవిడ కూర్చున్న బల్లకి రెండో చివర ఆయన కూర్చున్నాడు. దగ్గరికి జరిగే ధైర్యం లేదు.

మందు పనిచేసింది. ఊపిరి నెమ్మదించింది, పెదాలకి రంగొచ్చింది. పిట్ట అక్కని గుర్తుపట్టి నీళ్లడిగిన రోజున భూతద్దం వరండాలోకెళ్లి గోడకి ముఖం పెట్టుకుని ఏడ్చాడు. మొహం కడుక్కుని లోపలికొచ్చేసరికి డాక్టరమ్మ వాడి వీపు మీద స్టెతస్కోపు పెట్టి వింటోంది.

"ఇక్కడ నొప్పి ఎప్పట్నుంచి?"

"టీ కొట్టు కాడికెళ్లిన రోజు... సాయంత్రం నుంచే. ఊపిరి తీస్తే పోటు పొడిచేది."

"అంత నొప్పి పెట్టుకుని ఇంట్లో ఎందుకు చెప్పలేదయ్యా?"

పిట్ట ముఖంలో కోపం లేదు. ఎప్పుడూ ఏదో ఒక కథ అల్లేవాడు, ఆ రోజు ఏదీ అల్లలేదు.

"మా బావ నమ్మడండీ" అన్నాడు. "పొద్దుటికి పోతుందిలే, ఎందుకొచ్చిన గొడవని పడుకున్నా."

భూతద్దం మంచం కమ్మీ పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. భార్య తల తిప్పి ఆయన వైపు చూసింది. ఇన్ని రోజుల తర్వాత చూడ్డం అదే మొదలు. ఆయన చూపు కిటికీ వైపు పారిపోయింది.