పెరుగుకుండ మూత

"నా పెరుగుకుండ మీద పలక ఏడబోయింది?" అంటూ మా అత్తగారు వెంకటసుబ్బులమ్మ పొద్దున్నే వంటింట్లో గొంతెత్తింది. చట్రం ఊడి, మూల విరిగిన పలక అది. మూడేళ్లుగా మూతగా పనిచేస్తోంది.

"నేనే తీసుకున్నా అమ్మా. సాయంత్రం తెస్తా" అంది మా ఆడపడుచు శ్రీశైలమ్మ, జడ అల్లుకుంటూ.

"పిల్లి మూతి పెడితే మీ నాయన కూట్లో నీ చదువు కలిపి పెట్టనా?"

"పళ్లెం బోర్లించు."

"పళ్లేనికి ఆ బరువేడిది?"

శ్రీశైలమ్మ పలకను చంకన పెట్టుకుని బడికి వెళ్లిపోయింది. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి అప్పటికి రెండేళ్లు. తను టీచరు ట్రైనింగులో భాగంగా మా ఊరి బడికి వెళ్తోంది. మూడో తరగతి పంతులు కర్నూలు పోతూ, ఆ రోజుకు క్లాసంతా తనకే వదిలాడు. కూతురు ఉద్యోగం చేయడం అత్తగారికి ఇష్టం లేదు. "ఈ ఒక్క దినం చూస్తా. పిల్లోళ్లు నెత్తికెక్కినారంటే ట్రైనింగు మాన్పిస్తా" అని ముందురోజే తేల్చి చెప్పింది.

పదింటికల్లా ఆవిడ ఓపిక అయిపోయింది. "పా కోడలా, ఆ పలక తెచ్చుకుందాం" అని నన్ను బయలుదేరదీసింది. పలక కోసమేనని నమ్మినట్టే నేనూ నడిచాను.

బడి కిటికీ పక్కన నిలబడ్డాం. లోపల నలభై మంది పిల్లలు. శ్రీశైలమ్మ చేతిలో మా మూత.

"టీచరమ్మా, అది ఇరిగిపోయిన పలక!" అన్నాడొకడు.

"పెరుగు వాసనొస్తాంది!" అంది ముందు వరుస పిల్ల. క్లాసంతా గొల్లుమంది. అత్తగారు నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

శ్రీశైలమ్మ పెదవులు తడుపుకోవడం చూశాను. బోర్డు మీద తను రాసిన 'ళ' వంకరగా ఉండటమూ చూశాను. కానీ తను బెత్తం వైపు పోలేదు. పలకను ముక్కు దగ్గర పెట్టుకుని, "ఔను, మా అమ్మ తోడేసిన పెరుగు. బలే గట్టిగుంటాది" అంది. దాని మీదే 'మేక' అని రాసి ఎత్తి చూపింది. "ఇరిగిన పలక మీద రాస్తే మేకకు కాలు తక్కువైనాదా?"

"లేదూ!"

"అయితే మీకాడ ఏ పలకుంటే అది తీయండి."

గోడ పక్కన కూర్చున్న యేసుమణి, కూలికి పోయే గిద్యోను కూతురు, పావడా కింద నుంచి అరచేయంత పలక ముక్క తీసింది. తర్వాత ఇంకో నలుగురు తీశారు. పలకల గనులున్న మా మార్కాపురంలో మంచి పలకలు రైలెక్కిపోతాయి, ఇలాంటి పిల్లలకు ముక్కలే మిగులుతాయి. రెండు వారాలు ఆ క్లాసు వెనక వరుసలో కూర్చుని పంతులు పాఠాలు చూసింది కాబట్టి, ఎవరు ఎందుకు రాయడం లేదో శ్రీశైలమ్మకు తెలుసు. అయినా ఒక్కరి పేరూ ఎత్తలేదు. నాకు అన్నిటికన్నా అది నచ్చింది.

అత్తగారు పలక అడగకుండానే వెనక్కి తిరిగింది.

సాయంత్రం అన్నాలకు కూర్చున్నప్పుడు, కడిగిన పలక గోడకు ఆనించి ఉంది.

"ఏంది, పిల్లోళ్లు నెత్తికెక్కినారా?" అని మామగారు గంగయ్య అడిగారు.

శ్రీశైలమ్మ తల్లి వైపు చూసింది.

"ఆ పలక బడిలోనే ఉండనీ. కుండ మీదికి కుమ్మరోళ్లకు మూకుడు చెప్పినా" అంది అత్తగారు, ఆయనకు పెరుగు వడ్డిస్తూ. "ట్రైనింగయినాక దీన్ని గిద్దలూరికేసినా దోర్నాలకేసినా వండిపెట్టను నేను పోతా. మీకు కోడలుంది."