ఉప్పని మాంసము, చప్పని యన్నము

హేమంతప్రభాతమున మంచుతెర మెల్లమెల్లగా విడివడుచుండ బొగ్గుపొగయు చామంతిపరిమళమును గలసి వీచుచుండ క్రిస్మసు మరునాటి బిట్రగుంట రైల్వేకాలనీ విందలసటచే నింకను కన్నులు తెఱవక యుండెను. ఇంజనుడ్రైవరు క్లారెన్సు గృహమున మాత్రము అతని నవోఢయు గుంటూరుసీమ యూరగాయలయింటి యాడపడుచును నగు సువార్త వంటయింట నిలిచి నిన్నటి విందున మిగిలిన హ్యామును, అనగా ఉప్పున ఊరవేసిన పందితొడను, చూచి నిట్టూర్చుచుండెను.

ఆ మాంసమును వండుటకు ముందొక రాత్రి మంచినీట నానవేసి యుప్పు విడిపించుట అత్తగారగు ఫిలోమినమ్మ చిరకాలాచారము. ఊరవేసినదానికి తడి తగిలినచో బూజు పట్టునని పుట్టింట నేర్చిన కోడలో, పండుగ ముందునాటి రాత్రి అత్తగారు నానవేసిన దానిని చూచి, పొరపాటున నీట బడినదని తలంచి వెంటనే వెలికిదీసి పొడిగుడ్డతో చక్కగా తుడిచి పళ్లెరమున నుంచెను. ఇంతటి శ్రద్ధతో జేసిన చెఱుపు లోకమున నరుదు! పండుగ ఉదయమున అత్తగారు, అది రాత్రియెల్ల నానిన పిదపనే కోడలు తీసి తుడిచినదని నమ్మి వండెను. విందున నోట బెట్టినవారెల్ల మంచినీళ్లకై చేతులు చాచిరి.

"నా చేతికి వార్ధక్యము వచ్చినది. ఇక నేను పొయ్యి ముట్టను" అని యా వృద్ధ గదిలోనికి బోయి మంచమెక్కెను. జరిగినది గ్రహించియు భయముచే నోరు మెదపలేకపోయిన సువార్తకు ఆ రాత్రి కంటికి కునుకు రాలేదు.

ఇప్పుడామె చిటికెడుప్పైనను వేయక యన్నము వండి మాంసమును సన్నసన్నని ముక్కలుగా దఱిగి యందు గలిపి పాలును గ్రుడ్లును ఉల్లిపాయలును మిరియపుపొడియు జేర్చి పైని చీజు తురుము చల్లి బంగరువన్నె తిరుగువఱకు ఓవెనులో గాల్చెను. పొగలు గ్రక్కు పళ్లెరమును అత్తగారి మంచముకడకు గొనిపోయెను.

ఫిలోమినమ్మ అయిష్టముగా నొక ముద్ద తినెను. పిమ్మట మఱియొకటి తినెను.

"అమ్మాయీ, ఇంకొక గరిటెడు వడ్డింపుము."

ఆ మాటతో సువార్త కన్నీరు కట్టలు తెంచుకొనెను. "అత్తయ్యా, తప్పు మీ చేతిది కాదు. బూజు పట్టునని వెఱచి దానిని నానకమునుపే నీటినుండి తీసినది నేను."

వృద్ధురాలు పకపక నవ్వెను. "అట్లయిన నా చేయి చెడలేదు గదా! నిన్ననే చెప్పరాదటే పిచ్చిదానా!"

కోడలి గుండెబరువు దిగెను. ఒక్కచోట నిలిచి కటువైన యుప్పు పదిమెతుకులకు బంచినంతనే రుచియగునట్లు, ఒక్కతె దాచుకొనిన తప్పు ఇరువురు పంచుకొనినంతనే నవ్వయ్యెను. ఫిలోమినమ్మ మంచము దిగి ఏప్రను గట్టుకొని మధ్యాహ్నపు వంటకు పొయ్యికడకు నడచెను.