నాలుగో మలుపుకి ఆరు వెంట్లు

శనివారం ఉదయం తొమ్మిదింటికి పోలిశెట్టి వీరాస్వామి షట్టరు ఎత్తేసరికి షెడ్డులో కారు ఊపిరి బిగబట్టి ఉంది.

కారు బిగబడితే గాలి కూడా ఆగుతుంది. విజయవాడ ఆటోనగర్ మొత్తంలో ఒక్క ఆకు కదలడం లేదు. లారీలకు కట్టిన జెండాలు తడి లుంగీల్లా వేలాడుతున్నాయి. ఎదురు షెడ్డులో లారీలకు బొమ్మలు వేసే కోటేశు బ్రష్షు పట్టుకుని గుమ్మంలోకి వస్తాడు.

"శెట్టిగారూ, మీ కారు ఊపిరొదిలితేగానీ నా రంగు ఆరదండి. నెమలికి పించం వేస్తే కళ్లన్నీ జారి కాళ్లమీదకొచ్చినయ్."

"మంచిదేగా. గుంటలు చూసుకుని నడుస్తది," అంటాడు వీరాస్వామి.

వీరాస్వామికి డెబ్భై రెండేళ్లు. పాత కార్ల సామాను అమ్ముతాడు, దొరకనిది చేయించి అమ్ముతాడు. బతుకుని తక్కెడలో వేసి చూసుకోవడం ఆయన అలవాటు. పెళ్లి లాభం. మోకాళ్లు నష్టం. ఇద్దరు కూతుళ్లు లాభం, బావమరిది సలహాలు నష్టం. అన్నీ వేస్తే ముల్లు మధ్యలోనే నిలుస్తుంది. ఒక్క నాలుగో మలుపు వేసినప్పుడే తక్కెడ ఒరిగిపోతుంది.

యాభై ఏళ్ల కిందట ఇందుమతి అనే ఆవిడ నీలం కారు నడుపుకుంటూ విజయవాడ నుంచి శ్రీశైలానికి ర్యాలీలో వెళ్లింది. అందరికన్నా ముందుంది. దోర్నాల దాటి ఘాటెక్కాక నాలుగో మలుపులో ఇంజను మరిగి కారు ఆగిపోయింది. ఆ కారు బానెట్టుకి చేప మొప్పల్లాంటి గాలి చీలికలు, అంటే వెంట్లు, బిగించింది వీరాస్వామి. వెంట్లు చిన్నవైపోయాయేమోనని ఆయనకి అప్పటినుంచీ అనుమానం. ఆవిడ అడగలేదు. ఈయన చెప్పలేదు.

ఇప్పుడు షెడ్డులో ఊపిరి బిగబట్టి ఉన్నది ఆవిడ మళ్లీ చేయించుకుంటున్న అచ్చం అలాంటి కారే. అసలుది ఎప్పుడో తుక్కులో కలిసింది. దీనికి అన్నీ అమరాయి, వెంట్లు తప్ప.

పదింటికి లారీ వచ్చి ఆగుతుంది. హమాలీల మేస్త్రీ దిగి చీటీ చూస్తాడు.

"నాలుగో మలుపండి. ఎక్కడ దించమంటారు?"

మలుపుని చాపలా చుట్టి తెచ్చారు. ఎనిమిది మంది మోసుకొచ్చి సందులో పరుస్తారు. తారు రోడ్డు, పక్కన తెల్ల రాళ్లు, రాళ్లమీద రెండు కోతులు. పరవగా మిగిలిన కొస షెడ్ల రేకుల మీదకి ఎక్కుతుంది. వెదురు పొదల వాసన వస్తుంది.

"నాలుగింటికల్లా మళ్లీ చుట్టేయాలండి," అంటాడు మేస్త్రీ. "అక్కడ బస్సు ఆగిపోయింది. మూడో మలుపు తర్వాత అయిదోదే ఉంది. డ్రైవరు దిగి వేళ్లు లెక్కెట్టుకుంటున్నాడు."

లారీ క్యాబిన్లోంచి ఇందుమతి దిగుతుంది. తల పండిపోయింది, నడుం కొంచెం వంగింది. కుడిచెయ్యి మాత్రం ఇరవై నాలుగేళ్లది. ఆ రోజు కిటికీ బయట పెట్టిన చెయ్యి. మలుపు దాటలేదు గనక దానికి వయసు రాలేదు.

"ఈ మలుపుని ఇంకోసారి ఇవ్వరంట వీరాస్వామిగారూ," అంటుందావిడ. "ఇవాళ దాటిస్తే దాటినట్టు. లేకపోతే ఈ చేత్తో పెన్షను కాగితాల మీద సంతకం పెడితే బ్యాంకువాళ్లు ఎప్పటికీ నమ్మరు."

టింకరింగు పని ఖాజా మొహిద్దీన్‌ది. ఆయన అల్యూమినియం రేకు మీద బట్టల సబ్బు రుద్ది మంట చూపిస్తాడు. సబ్బు నల్లబడిందంటే రేకు మెత్తబడినట్టు. అంతకు మించి ఒక్క క్షణం ఉంచినా కరిగి చేతికి రాదు. మెత్తబడ్డ రేకుని చింతమొద్దు అచ్చు మీద వేసి, కొయ్య సుత్తితో కొడతాడు. ఇవాళ దెబ్బకన్నా ముందే చప్పుడు వస్తోంది. చప్పుడు ఎక్కడ పడిందో చూసి ఖాజా అక్కడ కొడుతున్నాడు. పని తొందరగా సాగుతోంది.

"ఆ కాలం వెంటుకి పెదవుండాలి ఖాజా. ఇప్పటివాటిలా కోసి వదిలేస్తే కుదరదు," అంటాడు వీరాస్వామి.

"పెదవి తిప్పుతున్నా గదండీ. ఇంకాస్త తిప్పితే పాట పాడుద్ది."

పక్కకి మూడు చొప్పున ఆరు వెంట్లు తయారవుతాయి. పాతవాటికన్నా రెట్టింపు పెద్దవి. ఖాజా రివెట్లు పట్టుకుని అడుగుతాడు.

"నోరెటు పెట్టమంటారు?"

"ముందుకే. అడిగేదేముంది? అంగడి నోరు రోడ్డువైపు ఉండాలిగానీ వెనక్కుంటదా?"

ఖాజా ఏదో అనబోయి, గడ్డం గోక్కుని, బిగిస్తాడు.

ఒంటిగంటన్నరకి వెంట్లు పీల్చడం మొదలుపెడతాయి. ముందు గుమ్మానికి కట్టిన నిమ్మకాయల, మిరపకాయల దండ లోపలికి పోతుంది. తర్వాత కోటేశు టోపీ. తర్వాత సుత్తి చప్పుళ్లు వరసగా. కారు పొంగిన పూరీలా ఉబ్బుతుంది, ఊపిరి మాత్రం వదలదు.

"తింటోంది, తింటోంది," అని వీరాస్వామి సంతోషపడతాడు. "లోపలికి వచ్చేది ఏదైనా లాభమే."

అప్పుడు గోడ గడియారంలోంచి రెండుకీ మూడుకీ మధ్య ఉన్న గంట జారి, తడి తువ్వాలులా గాల్లో సాగి, ఎడమవైపు రెండో వెంటులోకి పోతుంది. గడియారం మూడు కొడుతుంది.

ఇంజను దగ్గర నీళ్లు మరుగుతున్న చప్పుడు. వీరాస్వామికి ఆ చప్పుడు తెలుసు. తను వినలేదు, అయినా యాభై ఏళ్లుగా తెలుసు.

"ఖాజా, ఇంత పెద్దవి పెట్టాం గదా, ఎందుకు మరుగుతోంది?"

"చెప్తే కోప్పడతారు."

"చెప్పు."

"మీ షాపుకి వెనక తలుపు లేదు గదండీ. ఇరవై ఏళ్ల కిందట మీరే ఇటుకలు పెట్టించి మూసేశారు. లోపలికొచ్చింది ఎట్టా బయటికి పోద్దో మీకేం తెలుసు?"

వీరాస్వామి షెడ్డంతా చూస్తాడు. అమ్ముడుపోని డోర్లు, బంపర్లు, ఎవరూ అడగని దీపాలు నడుం ఎత్తు పేరుకుని ఉన్నాయి. వచ్చిన సరుకు బయటికి పోతేనే అంగడి, పోకపోతే గోడౌను. ఈ మాట ఆయన ఎందరికో చెప్పాడు. బానెట్టు కింద కాగిన గాలి కూడా సరుకేనని ఇప్పుడు తెలుస్తోంది.

ఆయన వెళ్లి ఇందుమతి ముందు నిలబడతాడు. ఆవిడ కోతులకి పల్లీలు పెడుతోంది.

"అమ్మగారూ, ఆ రోజు నమూనా కాగితం మీద వెంట్ల నోరు వెనక్కే గీసుంది. నేనే తిప్పి ముందుకు పెట్టాను. తెలివనుకున్నా. ఇవాళా అదే చేశా."

"తెలుసండి. మరిగిన బానెట్టు ఎత్తింది నేనే గదా," అంటుందావిడ.

"తెలిసీ నా దగ్గరికే వచ్చారా?"

"తిప్పాల్సింది ఎక్కడో ఇంకొకళ్లకి తెలీదు గదా. పల్లీలు తింటారా?"

వీరాస్వామి చొక్కా చేతులు మడుస్తాడు. ఇరవై నాలుగు రివెట్లు. ఖాజా డ్రిల్లు పెట్టి తీస్తుంటే ఈయన పలకల్ని ఒక్కొక్కటే వెనక్కి తిప్పి పట్టుకుంటాడు. ఒక్కో వెంటు తిరిగినప్పుడల్లా సందులో ఒక్కో కుక్క లేచి ఒళ్లు విరుచుకుంటుంది. నాలుగుకి మూడు నిమిషాలుందనగా చివరి రివెటు పడుతుంది. హమాలీలు మలుపు కొస పట్టుకుని వంగి ఉన్నారు.

కారు ఊపిరి వదులుతుంది.

ముందు టోపీ వస్తుంది, కోటేశు తలమీదే పడుతుంది. సుత్తి చప్పుళ్లు వస్తాయి, ఈసారి తాళంలో. రెండుకీ మూడుకీ మధ్య గంట ఇస్త్రీ చేసినట్టు బయటికొచ్చి గడియారంలో దూరుతుంది. గడియారం వెనక్కి జరిగి మూడుకి మూడు నిమిషాలు తక్కువ చూపిస్తుంది. హమాలీలు మలుపు వదిలేసి టీకి వెళ్తారు. ఆ తర్వాత యాభై ఏళ్ల గాలి వస్తుంది. జెండాలన్నీ ఒక్కసారి లేస్తాయి. నెమలి కళ్లు పాకి పించంలోకి వెళ్లి ఆరిపోతాయి. షెడ్డు వెనక గోడలో ఇటుకలు ఒకదాని వెనక ఒకటి, బస్సు దిగే మనుషుల్లా వరసగా బయటికి నడుస్తాయి. వాటి వెనకే డోర్లు, బంపర్లు, ఎవరూ అడగని దీపాలు.

"శెట్టిగారూ, సరుకంతా పోతోందండీ!" అని అరుస్తాడు కోటేశు.

"పోనియ్యవయ్యా!" అంటాడు వీరాస్వామి. అలా అన్నందుకు ఆయనకే నవ్వొస్తుంది.

ఖాజా నాలుగు టైర్ల కిందా నిమ్మకాయలు పెడతాడు. ఇందుమతి ఎక్కి కుడిచెయ్యి కిటికీ బయట పెడుతుంది. నిమ్మకాయలు చితుకుతాయి. కారు మలుపులోకి తిరిగి, తెల్ల రాళ్ల పక్కనుంచి, కోతుల ముందునుంచి, షెడ్ల రేకుల మీదకి ఎక్కుతుంది. బానెట్టు వెంట్లలోంచి వేడిగాలి వెనక్కి పోతూ సన్నగా పాడుతోంది. మలుపు దాటగానే ఆవిడ చేతిమీద యాభై ఏళ్లూ ఒక్కసారే వాలతాయి. నరాలు, మచ్చలు, ముడతలు. ఆవిడ చేతిని చూసుకుని, "వచ్చావా?" అని గట్టిగా నవ్వుతుంది. అయిదో మలుపు వైపు వెళ్లిపోతుంది.

నాలుగింటికి హమాలీలు మలుపుని చుడతారు. ఈసారి ఇద్దరే మోస్తారు.

"తేలికైపోయిందేంటండీ?" అంటాడు మేస్త్రీ.

వీరాస్వామి జవాబు చెప్పబోతాడు. చొక్కా వీపు దగ్గర పటపట కొట్టుకుంటోంది. ఖాజా వెనక్కి వెళ్లి చొక్కా ఎత్తి చూస్తాడు.

"డొక్కలకి అటు మూడు, ఇటు మూడు వెంట్లండి. పెదవులు బాగా తిప్పారు. నోళ్లు వెనక్కే."

"నువ్వు చెయ్యలేదా?"

"నా పని కాదండి. నాకన్నా బాగుంది."

వీరాస్వామి ఊపిరి వదులుతాడు. కుడివైపు మూడో వెంటులోంచి అగ్గిపెట్టెంత బస్సు బయటికొచ్చి, సందులో దిగి, మామూలు బస్సంత అవుతుంది. లోపల జనం చింతకాయలు తింటున్నారు. డ్రైవరు వేళ్లు లెక్కెట్టుకోవడం ఆపి తల ఊపుతాడు.

"శ్రీశైలం, శ్రీశైలం! ఒక్క సీటే ఉంది, ఎవరండీ?" అంటాడు కండక్టరు.

వీరాస్వామి షట్టరు వెయ్యకుండానే ఎక్కి కుడివైపు కిటికీ పక్కన కూర్చుంటాడు. బస్సు కదులుతుంది.

"పెద్దాయనా, చెయ్యి లోపల పెట్టు."

ఆయన పెట్టడు. గాలి తగిలినకొద్దీ ఆ చేతిమీద ముడతలు ఒక్కొక్కటే లేచి, పిచ్చుకలై, బస్సు వెనక బారుగా ఎగురుతున్నాయి.