పది నిమిషాల ఉప్మా

అమలాపురంలోని ఆ కొబ్బరి రైతుల సంఘం కార్యాలయానికి వంటగది లేదు. కిటికీ పక్కన ఒక బల్ల, దాని మీద నీళ్ళు కాచుకునే కరెంటు కెటిల్, మూత ఉన్న ఒక స్టీలు గిన్నె, అంతే. ఆ కెటిల్‌నూ గిన్నెనూ అక్కడికి తెచ్చినది యామిని.

ఆమె అంతర్వేది నుంచి రోజూ తొలి బస్సులో వచ్చే పిల్ల. తల్లీ తండ్రీ వేకువనే చేపల రేవుకు వెళ్ళిపోతారు కనుక ఆ వేళకు ఇంట్లో పొయ్యి వెలగదు. రోజూ హోటలులో తినే స్తోమత లేదు. అందుచేత ఒక ఉపాయం కనిపెట్టింది. ఆదివారంనాడు బొంబాయి రవ్వను దోరగా వేయించి, ఆవాలు, మినప్పప్పు, ఎండుమిర్చి, కరివేపాకు పోపు పెట్టి, ఉప్పు కలిపి డబ్బాకెత్తుకునేది. మధ్యాహ్నం గిన్నెలో రెండు గుప్పిళ్ళ రవ్వ వేసి, మరిగే నీళ్ళు పోసి మూత పెడితే, చేతిలో ఉన్న పని ముగిసేలోగా ఉప్మా సిద్ధం. ఒకనాడు రవ్వ, ఒకనాడు నిమ్మకాయ పిండిన అటుకులు, ఒకనాడు కెటిల్లోనే ఉడికిన గుడ్లు. ఒక్క మనిషికి పది నిమిషాల పని.

చిక్కల్లా ఏమిటంటే, ఎదుట మనిషి ఉండగా ఒంటరిగా తినడం కోనసీమలో ఎవరికీ చేతకాదు. మొదటినాడు మూత తీయగానే కరివేపాకు వాసన గదంతా కమ్ముకుంది. "రండి, తిందాం" అనకుండా ముద్ద ఎత్తడం యామినికి ఆమె తల్లి నేర్పలేదు. పిలిచేవారు రెండు మార్లు పిలవాలి, పిలుపందుకున్నవారు రెండు మార్లు వద్దనాలి, మర్యాద అది. మేనేజరు మాణిక్యాలరావు గారు మాత్రం మొదటి పిలుపుకే కుర్చీ లాక్కున్నారు. ఆయన వెనుకనే గుమాస్తా బుజ్జిబాబు కంచంతో సహా వచ్చాడు.

అక్కడితో ఆగినా బాగుండేది. సొమ్మొకడిది, సోకొకడిది అన్నట్టు, మేనేజరు గారు వచ్చిన రైతులనల్లా విందుకు పిలవడం మొదలుపెట్టారు.

"ఏవండీ వెంకటస్వామి గారూ, భోజనాల వేళకొచ్చి ఊరికే వెళ్ళిపోతారా? రెండు ముద్దలు తినెళ్ళండి."

"ఎందుకండీ, ఇంటికెళ్ళి తింటానండీ."

"భలేవారే! కూర్చోండి. యామినమ్మా, ఇంకో కెటిల్ నీళ్ళు పెట్టమ్మా!"

వెంకటస్వామి గారు పెద్ద రైతు, మొహమాటస్తుడు. మొహమాటంతోనే మూడు మార్లు వడ్డించుకునేవారు. ఆదివారం డబ్బా నిండా తెచ్చిన రవ్వ మంగళవారానికే అడుగంటేది. యామిని ఉల్లిపాయలు తరిగి, కెటిల్ మీద కెటిల్ కాచి, అందరికీ వడ్డించి, చివరకు గిన్నె అంచుకు అంటుకున్న చల్లటి ఉప్మా గీక్కుని తినేది.

ఆకలి సంగతి అలా ఉంచుదాం. ఆ కార్యాలయం నుంచి రోజూ ఒంటిగంటకల్లా ఆనాటి కొబ్బరికాయ ధర రైతుల ఫోన్లకు చేరాలి. మార్కెట్టుకు ఫోను చేసి ధర కనుక్కోవలసినది మేనేజరు. దాన్ని కంప్యూటరులోకి ఎక్కించి పంపవలసినది యామిని. ధర ఆలస్యమైతే తెలియని రైతు నిన్నటి ధరకే దళారికి కాయలు ఒప్పజెప్పి నష్టపోతాడు. ఆ సమయానికి యామిని చేతిలో గరిటె ఉండేది. ధర ఒకటిన్నరకు గాని వెళ్ళేది కాదు.

ఆమెను ఆరు నెలలు చూసి, నచ్చితే ఉంచుకుంటామని చేర్చుకున్నారు. ఆ గడువు ఆ వారంతో ముగుస్తుంది. బుధవారంనాడు మేనేజరు గారు కంచం ముందుకు చాపి, మరికొంచెం వెయ్యమంటూనే అసలు మాట చెప్పారు.

"నువ్వు మంచిపిల్లవేనమ్మా. కానీ నిన్ను ఉంచాలా వద్దా అని రేపు మన సంఘం ప్రెసిడెంటు గారు ఫోను చేస్తారు. ధరలు వేళకి వెళ్ళట్లేదని ఆయనకి తెల్సు. పిల్లకి చురుకు తక్కువండీ అనక ఇంకేం చెప్పమంటావు?"

యామిని గరిటె గిన్నెలో పెట్టేసింది. ఉద్యోగం పోతే రేవులో తల్లి పక్కన చేపల బుట్ట ఎత్తవలసిందే. అది తప్పు పని కాదు. చదివించిన తల్లి కోరుకున్న పని మాత్రం కాదు. యామిని కళ్ళెత్తి చూసింది. మూలన లెక్కలు చూసే గంగాభవాని గారు తన క్యారియరు తాను తెచ్చుకుని, తన అన్నం తాను తినే మనిషి. ఆవిడ కళ్ళజోడు పైనుంచి యామినినే చూస్తూ, "చెప్పు" అన్నట్టు గడ్డం ఎత్తారు.

"సారండీ," అంది యామిని. "వండే పని వంతులేసుకుందామండీ. తినేవాళ్ళందరం."

మేనేజరు గారు పకపక నవ్వారు. "వేణ్ణీళ్ళు పొయ్యడమేగా! పది నిమిషాల పనికి వంతులెందుకమ్మా?"

"పది నిమిషాలే కదండీ," అన్నారు గంగాభవాని గారు, మజ్జిగన్నం కలుపుకుంటూ. "అయితే రేపు మీరే మొదలెట్టండి."

బుజ్జిబాబు ముందు నవ్వి, తన వంతు కూడా వస్తుందని గుర్తొచ్చి ఆపేశాడు. మాట జారిన మేనేజరు గారికి వెనక్కి తగ్గే దారి కనబడలేదు.

గురువారం ఆయన అటుకుల పొట్లంతో వచ్చారు. ఉప్మా కన్నా అటుకులు తేలికని ఎవరో చెప్పారట. ఎన్ని రకాల అటుకులుంటాయో మాత్రం ఎవరూ చెప్పలేదు. పల్చటి అటుకుల మీద నీళ్ళు చిలకరిస్తే చాలు. ఆయన కెటిల్ నిండా మరిగే నీళ్ళు కుమ్మరించి మూత పెట్టారు. మూత తీసేసరికి అటుకులు లేవు, జావ ఉంది.

"పిల్లలకి పెడతారండీ ఇది," అన్నాడు బుజ్జిబాబు. "పళ్ళు రాకముందు."

"నోరు మూసుకుని ఉల్లిపాయలు తరుగు!"

సరిగ్గా అప్పుడే వెంకటస్వామి గారు మరో ముగ్గురు రైతులతో లోపలికి వచ్చారు. అలవాటైన నోరు ఆగుతుందా? "రండి రండి, తినెళ్దురు గాని!" అనేశారు మేనేజరు గారు. అన్నాక గిన్నె వంక చూసుకున్నారు. ఇక మళ్ళీ కెటిల్, మళ్ళీ అటుకులు. జావను చిక్కబరచబోతే అది ముద్దయి, వేళ్ళకు బంకలా పట్టుకుంది.

యామిని మాత్రం పన్నెండు గంటల నుంచి కంప్యూటరు ముందే కూర్చుంది.

"సారండీ, ధర చెప్తారా?"

"ఒక్క నిమిషమమ్మా!"

ఆ నిమిషం ఒంటిగంట దాటినా పూర్తి కాలేదు. ఫోను మోగింది. మేనేజరు గారి రెండు చేతులకూ అటుకుల బంక. గంగాభవాని గారు లేచి, మాట అందరికీ వినబడే మీట నొక్కి, ఫోనును ఆయన ముఖం ముందు పట్టుకున్నారు.

"ఏవండీ మాణిక్యాలరావు గారూ," అంది ప్రెసిడెంటు గారి గొంతు, "ధర ఏదండీ? ఆ కొత్తమ్మాయి ఇవాళ కూడా ఆలస్యం చేసిందా?"

కంచాలు పట్టుకున్న నలుగురు రైతులూ మేనేజరు వంక చూశారు. వెంకటస్వామి గారు మెల్లగా అన్నారు. "అంటే మా ధర ఇన్నాళ్ళూ ఆగింది మా ఫలహారానికాండీ?"

మేనేజరు గారు తన చేతులు చూసుకున్నారు. ఆయన చెడ్డవారు కారు; చాలామంది పెద్దమనుషుల్లాగే, పక్కవాళ్ళ కష్టం తమ చేతికి అంటుకునే దాకా ఎరుగనివారు.

"ఆయ్... లేదండీ," అన్నారు చివరికి. "ఆ అమ్మాయి తయారుగానే ఉందండీ. ధర నేనే కనుక్కోలేదండీ. వంట చేస్తున్నానండీ."

"వంటా?"

"ఇదివరకు ఆ పిల్ల చేత చేయించేనండీ. ఆలస్యం అప్పుడూ వంటదేనండీ, పిల్లది కాదు. పిల్లని ఉంచేసుకోవాలండీ."

"సరే, ఉంచండి. ముందు ధర పంపండి మహాప్రభో!"

చేతులు కడుక్కుని మేనేజరు గారు మార్కెట్టుకు ఫోను చేశారు. ఆయన నోటి నుంచి అంకె పూర్తిగా వెలువడకముందే యామిని వేళ్ళు దాన్ని పంపేశాయి. వెంకటస్వామి గారి జేబులో ఫోను టింగుమంది. ఆయన ధర చూసుకుని, ఈసారి నిజంగానే ఇంటికి వెళ్ళి తింటానని లేచారు.

గంగాభవాని గారు ఒక కంచంలో పొగలు కక్కే అటుకుల ముద్ద పెట్టి యామిని ముందుంచారు. "ఇవాళ మొదట నువ్వు తినమ్మా."

యామిని కుర్చీలో వెనక్కి వాలి, తీరిగ్గా ఒక ముద్ద నోట పెట్టుకుంది. మేనేజరు గారు ఆత్రంగా ముందుకు వంగారు.

"ఎలా ఉందమ్మా?"

"ఉప్పు లేదండీ."

"అయ్యో! మర్యాదకైనా బాగుందనవా?"

"మర్యాద ఆర్నెల్లు చేసేనండీ," అంది యామిని, రెండో ముద్ద ఎత్తుతూ.