కంచె మీద ఆరేసిన గడ్డి

మేం తెన్‌ర్యూ కొండల కింద, కుందేలంతైనా ఉండని గినీ పందులను పెంచి ప్రయోగశాలలకు అమ్ముతాం. వాటికి వేసే ఎండుగడ్డి కూడా మేమే పంపుతాం. ఈ వ్యాపారంలో పేరు ఒకసారి చెడితే మళ్లీ కొనుక్కుందామన్నా దొరకదు.

మార్చిలో కంటి మందులపై పరిశోధన చేసే డాక్టర్ కురాషిగె ఫోన్ చేసింది. సుగి అనే దేవదారు చెట్ల పుప్పొడి పడితే కళ్లు ఎర్రబడేలా మా పందులకు ముందే ఇంజెక్షన్లు ఇచ్చారు. తర్వాత సగం పందుల కళ్లలో పుప్పొడి, మిగతా వాటి కళ్లలో ఉత్త ఉప్పునీరు వేశారు. ఉప్పునీటివి మామూలుగా ఉండాలి. అవీ కళ్లు రుద్దుకుంటున్నాయట. అలాగైతే ఆమె చుక్కల మందు పనిచేస్తోందో లేదో తేలదు.

"ఓబా గారూ, మీ పందులకే ఏదో కంటిజబ్బుంది. కారణం తేలకపోతే ఇకమీద వేరేచోట కొంటాను," అంది.

ఆమె మానేస్తే మిగతావాళ్లూ మానేస్తారు. మర్నాడే ఆమె ప్రయోగశాలకు వెళ్లాను. గాలి వడకట్టే యంత్రం బాగానే ఉంది. పనివాళ్లు బట్టలు మార్చుకునే లోపలికి వస్తున్నారు. పందులు మాత్రం గడ్డిలో ముక్కు పెట్టడం, కళ్లు రుద్దుకోవడం. గుప్పెడు గడ్డి తీసి వాసన చూశాను. ఎండ వాసన. మేం గడ్డిని షెడ్డులో, యంత్రంతో ఆరబెడతాం.

ఇంటికి ఫోన్ చేసి అమ్మనడిగాను.

"కంచె మీద ఆరేశాను. షెడ్డులో ముక్కిపోయిన వాసనేస్తోంది, అలాంటిది నువ్వు తింటావా? ఊరంతా ముక్కులు చీదుతోంది గానీ, నాకెప్పుడైనా ఒక్క తుమ్మొచ్చిందిరా?" అంది.

కంచె వెనకే సుగి తోట.

లెక్క వేసుకున్నాను. చెప్పకుండా గడ్డి మార్చేస్తే కళ్లు బాగుపడతాయి, కానీ జబ్బు మా పందులదేనన్న మాట నిలిచిపోతుంది. చెబితే గడ్డి బేరం పోతుంది, పందుల పేరు మిగులుతుంది. చెప్పాను.

కురాషిగె గడ్డిని దులిపి, రాలిన దుమ్మును సూక్ష్మదర్శినిలో చూసి, నన్నూ చూడమంది. గుండ్రటి పుప్పొడి రేణువులు, దండిగా.

"చలికాలమంతా చేసిన పని పోయింది," అంది. సూక్ష్మదర్శిని దీపం ఆర్పి, "పందులు మీవే పంపండి. గడ్డి మాత్రం వద్దు."

రాత్రి అన్నాల దగ్గర ఆ మాటే అమ్మకు చెప్పాను. మరి గడ్డి ఎక్కడ కొంటారని అడిగింది. ఆవిరి పట్టి, సంచుల్లో మూసి అమ్మే కంపెనీ ఉందన్నాను.

అమ్మ నా గిన్నెలో ఇంకాస్త మిసో పులుసు పోసింది.

"ఉడకబెట్టిన గడ్డా," అంది. "పాపం, ఎలా తింటాయో."