తెర నిండా వదిన

దర్జీ ఒక పెన్ డ్రైవ్‌ని జేబురుమాలులో మూటగట్టి వీధి చివరి కొట్టుకు తెచ్చాడు. అందులో ఉన్నది ఆయన వదిన, అంటే భార్యకు సొంత అక్క. ఆవిడ పోయి రెండు నెలలైంది. పోయే ముందు వారం ఆవిడ కొడుకు పాత కెమెరాతో వీడియో తీసి, పిన్నికి చూపించమని పంపాడు. ఇంట్లో ప్లేయర్‌కి పెడితే ఈ ఫైలు ఆడదని తెర మీద అక్షరాలు పడ్డాయి గానీ మనిషి పడలేదు.

అక్కచెల్లెళ్లకు మూడేళ్లుగా మాటల్లేవు. ఎందుకు అలిగారో ఇద్దరూ మరిచిపోయారు, అలక మాత్రం మరవలేదు. కబురొచ్చేనాటికి చెల్లెలు మోకాలి ఆపరేషనై మంచం మీద ఉంది. ఆఖరి చూపు దక్కలేదు. మిగిలిందల్లా ఈ ఫైలే.

ఆ కొట్టు క్యాసెట్లవాడిది. క్యాసెట్లు పోయినా వాడికి ఆ పేరు పోలేదు. ఎలాంటి వీడియోనైనా ఇంటి ప్లేయర్‌లో ఆడేలా మార్చి ఇస్తాడు.

"మీ ప్లేయర్ పళ్లూడిన ముసలిదన్నా. దానికి మెత్తగా నూరి పెట్టాలి," అంటూ కంప్యూటర్‌లో ఫైలు తెరిచాడు.

తెర మీద బొమ్మ పడింది. కుర్చీలో ఎముకల గూడు. ఎన్నో ఏళ్లు ఆవిడ బట్టలు కుట్టిన చెయ్యి దర్జీది. భుజం పదిహేను అంగుళాలు ఉండేది. ఇప్పుడు పదకొండు కూడా ఉండదు. ఇంట్లో మనిషి ఇది చూసి తట్టుకుంటుందా?

దర్జీ చూపు తెర అంచులకు పోయింది. "అటూ ఇటూ ఆ నల్ల పీలికలేమిటోయ్?"

"బొమ్మ చిన్నది, తెర వెడల్పు. మిగిలిన చోటన్నా అది."

"మిగులు గుడ్డ అలా వేలాడితే నా కంటికి ఆనదు. నిండుగా సర్దు."

"నీ ఇష్టం," అన్నాడు క్యాసెట్లవాడు.

ఇంట్లో పెడితే ఈసారి మనిషి పడింది. అడ్డంగా సాగి తెర నిండా పడింది. బుగ్గలు నిండాయి, భుజాలు విచ్చుకున్నాయి. "అక్క ఒళ్లు చేసిందండీ," అంది భార్య. ఆవిడ మొహంలో వెలుగు చూసి దర్జీ అసలు సంగతి దాచేశాడు. తప్పు కొలతే, కానీ ఎంత హాయిగా అమిరిందో.

కాసేపటికి భార్య పిలిచింది. "ఏమండీ."

"ఊఁ."

"వెనక గోడ మీద గడియారం కూడా ఒళ్లు చేసిందా?"

గుండ్రటి గడియారం నొక్కిన గుమ్మడికాయలా ఉంది. దర్జీ గోళ్లు చూసుకున్నాడు.

"అసలెలా ఉంది?"

"చిక్కింది."

"ఎంత?"

నోటితో చెప్పలేక రెండు చేతులూ గాలిలో ఎడంగా పెట్టి చూపించాడు. ఆ చేతుల మధ్య ఖాళీని ఆవిడ చాలాసేపు చూసింది.

"ఎవరి కొలతా తప్పని మనిషి, మా అక్కది ఎందుకు వదులు చేశారు?"

"ముందు తెలియక. తర్వాత... నువ్వు ఏడుస్తావని."

"ఏడవనివ్వండి. అక్క మంచాన పడ్డప్పుడు ఎలాగూ పక్కన లేను."

దర్జీ చెప్పులేసుకున్నాడు. "పీలికలు ఉండనీ. బొమ్మ ఎలా ఉంటే అలాగే చెయ్యి," అన్నాడు కొట్టులో. క్యాసెట్లవాడు మళ్లీ మార్చి ఇచ్చాడు.

రెండు నల్ల పీలికల మధ్య వదిన సన్నగా కూర్చుంది. భార్య దుప్పటి అంచు నోట్లో కుక్కుకుంది. దర్జీ మంచం పట్టె మీద కూర్చున్నాడు. ఆపమంటుందేమోనని రిమోటు చేతిలోనే పట్టుకున్నాడు. అనలేదు.

"ఏమే మొండిఘటం," అంది తెర మీద వదిన, "ముందు నువ్వే మాట్లాడతావని చూశా. నీకు పొగరు, నాకు పంతం."

"ఇంత చిక్కినా గొంతు చూడండి, వీసమెత్తు తగ్గలేదు," అంది భార్య ముక్కు ఎగబీలుస్తూ.

"వింటున్నావా, మొహం అటు తిప్పుకున్నావా?"

"ఇటే చూస్తున్నానక్కా," అంది చెల్లెలు.